పొగడలంకలో పల్లాలు గొంతెత్తిన రోజు

ఇటు జరుగు బంగారూ, తల నా చేతి మీద పెట్టుకో. ఊఁ కొట్టడం మాత్రం మానకు. నువ్వు ఊఁ కొట్టకపోతే నా కథ అక్కడే ఆగిపోద్ది.

అనగనగనగా, నాలుగు పక్కలా గోదారే ఉన్న ఒక ఊళ్ళో పల్లాలు అని ఒక పిల్ల ఉండేది. ఆ ఊరి పేరు పొగడలంక. లంక అంటే ఏంటో తెలుసా? నది మధ్యలో తేలిన నేల. అటు చూస్తే నీళ్ళు, ఇటు చూస్తే నీళ్ళు. మధ్యలో అరటి తోటలు, కాసిని పెంకుటిళ్ళు, ఒక బుల్లి బడి. సంతకి పోవాలన్నా పడవే, డాక్టరు దగ్గరికి పోవాలన్నా పడవే. ఆ పడవ నడిపేది ఎవరో కాదు, పల్లాలు వాళ్ళ నాన్న పోతురాజు.

పల్లాలుకి ఎనిమిదేళ్ళు. మూడో తరగతి చదివేది. పిల్ల చురుకే గానీ గొంతు పైకి వచ్చేది కాదు. ఏం చెప్పినా దోమ పాడినట్టుండేది.

గొంతు ఎలా వస్తుంది మరి? ఆ ఇంట్లో ఉన్న గొంతంతా వాళ్ళ నాయనమ్మ మంగాయమ్మదే! మంగాయమ్మ ఈ గట్టున కేకేస్తే ఆ గట్టున గేదెలు తలెత్తి చూసేవి. లంకలో పిల్లలంతా ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్ళే. అందుకని ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆవిడ చెప్పిందే వేదం.

ఒకరోజు పోతురాజు పడవలోంచి కొత్త టీచరు దిగింది. పేరు ఎస్తేరు. ఆవిడ పిల్లలకి తెలుగు చెప్పింది, లెక్కలు చెప్పింది. ఆ తర్వాత శనివారం వచ్చేసరికి పుస్తకాలన్నీ మూయించేసి, "ఇప్పుడు మన పాఠం," అంది.

మన పాఠమంటే ఏంటా అని పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. మన ఒళ్ళు, మన మనసు, మన పక్కవాళ్ళు. వాటి గురించి పాఠం. దానికి పుస్తకం లేదు.

మొదటి శనివారం టీచరు ఒక పిల్లాడి అరచేతికి ఎర్ర రంగుపొడి రాసి, "పొండి, అందరూ కలిసి ఆడుకోండి," అంది. కాసేపయ్యాక చూస్తే ఏముంది! ఒకడి ముక్కు ఎరుపు, ఒకదాని చెవి ఎరుపు, మంచినీళ్ళ గ్లాసు ఎరుపు. పల్లాలు నాలిక కూడా ఎరుపే! పిల్లలు పడీపడీ నవ్వారు. అప్పుడు టీచరు, "కంటికి కనపడని మురికి కూడా ఇలాగే తిరుగుద్ది," అని చెప్పి, సబ్బుతో వేళ్ళ సందులూ గోళ్ళ సందులూ తోమించింది. ఆ రోజు నుంచీ పిల్లలు ఇంటికెళ్ళి, కంచం ముందు కూర్చున్న నాన్నల్ని కూడా లేపి చేతులు కడిగించడం మొదలెట్టారు.

రెండో శనివారం గొంతు పాఠం. పిల్లల్ని ఒక్కొక్కరినే బడి గుమ్మంలో నించోబెట్టి, తను దూరంగా జెండా కర్ర దగ్గర నించుంది. "మీకు భయమేసినా, నొప్పేసినా, ఎవరైనా మీకు నచ్చని పని చేసినా మూగగా ఉండకూడదు. నాకు వినపడేలా చెప్పండి," అంది. పిల్లలు "వద్దూ!" అని అరిచిన అరుపులకి బడి మీద పావురాలు లేచిపోయాయి. పల్లాలు వంతు వచ్చింది. ఒకసారి అంది, వినపడలేదు. మళ్ళీ అంది, వినపడలేదు. మూడోసారి అనేలోగా కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

అప్పుడు టీచరు దగ్గరికొచ్చి గొంతుక్కూర్చుంది. "ఫర్వాలేదు తల్లీ. ఒకసారి వినకపోతే రెండోసారి చెప్పు. రెండోసారీ వినకపోతే మూడోసారి చెప్పు. మానెయ్యకు, అంతే," అంది.

మూడో శనివారం ఒక చెంచా, ఒక సీసా పట్టుకొచ్చింది. విరోచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరంతా పోతుందని, కన్నీళ్ళు కూడా రాకపోతే ఒళ్ళు ఎండిపోతున్నట్టని, పోయిన నీటిని మళ్ళీ పట్టాలని చెప్పి, ఒక పాట కట్టింది. పిల్లలు చప్పట్లు కొడుతూ పాడారు.

"కాచి చల్లార్చిన లీటరు నీళ్ళు,
తలకొట్టి ఆరు చెంచాల పంచదార,
అర చెంచా ఉప్పు, అంతకి మించొద్దు,
గుక్కా గుక్కా పట్టు, మధ్యలో ఆపొద్దు!"

ఈ పాట మంగాయమ్మ చెవిన పడింది. ఇంకేముంది! కొంగు బిగించి బడికి వచ్చేసింది. వెనకాల ఊరి ఆడవాళ్ళు పదిమంది.

"ఏవమ్మా టీచరమ్మా! చేతులు కడుక్కోడం, ఉప్పునీళ్ళు కలుపుకోడం నేర్చుకోడానికా మా పిల్లల్ని బడికి పంపేది? పైగా పెద్దాళ్ళకి ఎదురు చెప్పమంటున్నావంట!"

"ఎదురు చెప్పమనలేదండి మంగాయమ్మగారూ. ఉన్నమాట చెప్పమన్నాను."

"అయ్యన్నీ నాకు తెలవదు. వచ్చే శనివారం ఈ పాఠం ఉందంటే లంకలో ఒక్క పిల్లా బడి గుమ్మం తొక్కదు!"

ఆడవాళ్ళంతా తలలూపారు. టీచరు ముఖం చిన్నబోయింది. సంచి భుజాన వేసుకుని పడవెక్కింది. పల్లాలు అరటిచెట్టు చాటున నించుని ఆ పడవకేసే చూసింది.

అదిగో, సరిగ్గా అప్పుడే గోదారి పొంగింది!

పోతురాజు టీచరుని అవతలి ఒడ్డున దింపాడు. వెనక్కి తిరిగి చూసేసరికి, ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతూ, చెట్లకి చెట్లే మోసుకుంటూ వచ్చేస్తున్నాయి. పడవ వెయ్యడానికి లేదు. అతను అటే ఉండిపోయాడు. మొదటి రోజు రేవు మునిగింది. రెండో రోజు అరటి తోటల్లోకి నీళ్ళొచ్చాయి. మూడో రోజు నూతులూ గోదారీ ఒకటైపోయాయి. బురదనీళ్ళే తాగే నీళ్ళయ్యాయి.

ఆ మూడో రోజు తెల్లారగానే పల్లాలు తమ్ముడు కొండబాబుకి విరోచనాలు పట్టుకున్నాయి. వాడికి ఏడాదిన్నర. గుండ్రటి బుగ్గలవాడు. ఆ తర్వాత వాంతులు కూడా మొదలయ్యాయి. మధ్యాహ్నానికల్లా ఆ బుగ్గలు పీక్కుపోయాయి, కళ్ళు లోపలికి పోయాయి. వాళ్ళమ్మ వీరమణి వాణ్ణి ఒళ్ళో వేసుకుని గుండెలకి హత్తుకుంది.

"చుక్క నీరు పొయ్యకు," అంది మంగాయమ్మ. "పాలు కూడా ఆపు. కడుపు ఖాళీగా ఉంటే అదే కట్టుకుంటుంది."

పల్లాలుకి పాట గుర్తొచ్చింది. ఇలా ఉన్నప్పుడే కదా నీళ్ళు పట్టమంది టీచరు! "నాయనమ్మా, నీళ్ళు పట్టాలంట," అంది. ఎవరికీ వినపడలేదు.

ఇంకొంచెం దగ్గరికెళ్ళింది. "నాయనమ్మా, పాట ఉంది. నీళ్ళూ, ఉప్పూ, పంచదారా..."

"నోర్ముయ్యవే! పిల్లకాకివి, నీకేం తెలుసు?" అని కసిరింది మంగాయమ్మ.

పల్లాలు గుమ్మం దాకా వచ్చేసింది. అటు చూస్తే గోదారి, ఇటు చూస్తే తమ్ముడు. నాన్న లేడు, టీచరు లేదు, డాక్టరు లేడు. రెండుసార్లు చెప్పడం అయిపోయింది. ఇంకొక్కసారి ఉంది.

అప్పుడు గిర్రున వెనక్కి తిరిగింది. ఊపిరంతా బిగపట్టి ఒక్క కేక వేసింది.

"నాయనమ్మా! తమ్ముడు ఎండిపోతున్నాడు! ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్ళు రావట్లేదు, చూడు!"

అబ్బో, ఆ కేక! పక్కింటి వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మంగాయమ్మ మనవడి దగ్గరికి జరిగింది. మెల్లగా వంగింది. మనవడి రెప్ప కింద వేలు పెట్టి చూసింది. పొడిగా ఉంది. ఎంతోమంది పిల్లల్ని భూమ్మీదకి తెచ్చిన ఆవిడ తలెత్తి పల్లాలు వంక చూసింది.

"ఏం చెయ్యాలే, చెప్పు," అంది.

ఇక చూసుకో, ఆ ఇంట్లో ఒకటే పరుగులు! వీరమణి పొయ్యి వెలిగించబోతే కట్టెలు తడిసిపోయి ఉన్నాయి. పక్కింటావిడ అటక మీంచి ఎండు కొబ్బరి డొక్కలు తెచ్చి పడేసింది. గుప్పున మంట లేచింది. నీళ్ళు తెర్లాయి. వాటిని ఆ గిన్నెలోంచి ఈ గిన్నెలోకి, ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి పోసి చల్లార్చారు. పల్లాలు లీటరు సీసాతో కొలిచింది. పంచదార చెంచా తీసి, పైన వేలితో తలకొట్టి, పాట పాడుతూ లెక్కపెట్టింది. ఆరు. ఆ తర్వాత అర చెంచా ఉప్పు. కలిపి నాలిక మీద వేసుకుంది.

"కన్నీళ్ళంత ఉప్పగా ఉండాలంట. అంతకంటే ఎక్కువుంటే పారబోసెయ్యాలంట," అంది. మంగాయమ్మ కూడా ఒక చుక్క రుచి చూసింది. సరిగ్గా ఉంది.

మొదటి చెంచా పట్టారు. కొండబాబు ఉమ్మేశాడు. రెండో చెంచా పట్టారు. భళ్ళున కక్కేశాడు. వీరమణి బావురుమంది. చూడ్డానికొచ్చిన వాళ్ళు గుసగుసలాడారు. అందరూ పల్లాలు వంక చూశారు.

పల్లాలు కదల్లేదు. "కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ పట్టాలంట. ఇంకా మెల్లగా పట్టాలంట. అమ్మా, పాలు కూడా ఆపకూడదంట," అంది.

ఆగారు. ఆ పది నిమిషాలూ పది గంటల్లా గడిచాయి. ఆ తర్వాత మూడోసారి పట్టారు. గుటుక్ మని మింగాడు. మళ్ళీ ఒక చెంచా. గుటుక్. ఇంకో చెంచా. గుటుక్! పొద్దు వాలేదాకా ముగ్గురూ వంతులేసుకుని పట్టారు. మధ్యమధ్యలో వీరమణి పాలిచ్చింది.

అప్పుడు ఏమైందో తెలుసా బంగారూ? మనవణ్ణి ఒళ్ళో పెట్టుకున్న మంగాయమ్మ ఉన్నట్టుండి ఎగిరిపడింది. ఒడంతా తడిసిపోయింది. చీర చూసుకుంది, మనవణ్ణి చూసుకుంది.

"ఒసే వీరమణీ! ఉచ్చ పోశాడే! నా ఒళ్ళో ఉచ్చ పోశాడే!"

నవ్వకు, అది మామూలు ఉచ్చ కాదు! ఒంట్లోకి మళ్ళీ నీరొచ్చిందని చెప్పే ఉచ్చ. ఆ తడి చీరతోనే మంగాయమ్మ మనవణ్ణి ఎత్తుకుని వీధంతా తిరిగి అందరికీ చెప్పింది. ఆనందం పట్టలేక పక్కింటావిడని కూడా కావిలించేసుకుంది. పాపం, ఆవిడ చీరా తడిసిపోయింది!

ఆ సంబరం సాగుతుండగానే అవతలి వీధి నుంచి ఒకావిడ ఏడుస్తూ వచ్చింది. వాళ్ళ పిల్లకీ విరోచనాలే. ఆ పక్కింటి ముసలాయనకీ అంతేనంట. మంగాయమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు. "పదవే పల్లాలూ! నీ బడి స్నేహితుల్ని పిలు. నువ్వు పాట పాడు, నేను కేకేస్తాను," అంది.

అలా బయల్దేరారు, ముందు మంగాయమ్మ, వెనక పిల్లల దండు. "కాచకుండా నీళ్ళు తాగేరా, చూడండి నా సంగతి!" అని మంగాయమ్మ కేక. ఆ తర్వాత చప్పట్లతో పిల్లల పాట. మోకాలి లోతు నీళ్ళున్న చోట పెద్దవాళ్ళు పిల్లల్ని భుజాలకెత్తుకుని మోశారు. ఎవరింట్లో పొయ్యి తడిసిపోతే వాళ్ళకి పక్కింటివాళ్ళు నీళ్ళు కాచి ఇచ్చారు. అన్నం ముందు కూర్చున్న ప్రతివాడి చేతులకీ సబ్బు రుద్దారు. మూడు రోజులు అదే పని. లంకలో ఒక్క ప్రాణం పోలేదు.

ఆ తర్వాత గోదారి వరద తీసింది. ఇంజను పడవలో పోతురాజు, డాక్టరు, ఎస్తేరు టీచరు వచ్చారు. డాక్టరు కొండబాబు పొట్ట నొక్కి, నాలిక చూసి, మాత్రలిచ్చాడు. "ఆ రోజు నీళ్ళు పట్టకపోయుంటే మాత్రం నేనొచ్చి చెయ్యడానికేం ఉండేది కాదు," అన్నాడు. పోతురాజు కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు.

మంగాయమ్మ తిన్నగా టీచరు దగ్గరికి నడిచింది. మళ్ళీ దెబ్బలాటేనని అందరూ అనుకున్నారు. ఆవిడ మాత్రం టీచరు రెండు చేతులూ పట్టుకుంది.

"పోతురాజు తర్వాత నాకింకో కొడుకుండేవాడమ్మా. మూడేళ్ళోడు. ఇలాగే వచ్చింది. నీళ్ళు పట్టొద్దన్నారు పెద్దాళ్ళు. నేను పట్టలేదు. వాడు నీళ్ళు, నీళ్ళు అని అడుగుతానే పోయాడు," అంది.

నీళ్ళడిగినా పట్టలేదన్న మాట అంతకుముందు ఎవరికీ చెప్పలేదు ఆవిడ. పోతురాజు కూడా అప్పుడే విన్నాడు.

టీచరు కళ్ళు తుడుచుకుంది. "అప్పుడు మీకు చెప్పేవాళ్ళు లేరు కదండీ," అంది.

"లేరు. ఇప్పుడు నువ్వున్నావు కదా! చెప్పు. వీళ్ళకి చెప్పు, వీళ్ళ అమ్మలకి చెప్పు. మానకు."

శనివారం వచ్చింది. బడి నిండా పిల్లలే! గోడ చుట్టూ తల్లులు, కిటికీల దగ్గర తండ్రులు. టీచరు నవ్వుతూ హాజరు పిలిచింది. పేర్లన్నీ అయ్యాక పుస్తకం మూయబోయింది.

"టీచరుగారండీ, ఒక పేరు పిలవలేదండి," అంది పల్లాలు. ఆ మాట కిటికీ బయటివాళ్ళకి కూడా వినపడింది.

టీచరు చూసేసరికి, ముందు వరసలో, చాప మీద, ఒకటో తరగతి పిల్లల మధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చునుంది మంగాయమ్మ! మోకాళ్ళ మీద కొత్త పలక కూడా ఉంది.

టీచరు మళ్ళీ పుస్తకం తెరిచింది. అన్నిటికంటే కింద ఒక పేరు రాసి, పైకి చదివింది. "మంగాయమ్మ."

ఆవిడ కొంగు సర్దుకుని, చేతులు కట్టుకుని లేచి నించుంది.

"వచ్చానండి," అంది.

కథ కంచికి చేరె,
కాకి గూటికి చేరె,
కునుకు కంటికి చేరె,
కూన అమ్మమ్మ ఒడికి చేరె.