అద్దం బోర్డు వెనకాల మనుషులు

"అద్దం వెనకాల జనం కుదురుగా కూర్చోకపోతే నేను బంతి ఎలా వెయ్యాలి మాస్టారూ?" అని అడిగింది నూకరత్నం.

అడిగింది దాలినాయుడు మాస్టారిని. అనకాపల్లి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఆటల మాస్టారాయన. ప్రశ్న అడిగినవాళ్లకి నోటితో జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. వెనకటికి ఒకమ్మాయి, "పాస్ అందుకుంటుంటే వేళ్లు నొప్పెడుతున్నాయండీ, ఎలా పట్టుకోవాలి?" అనడిగితే, క్యాంటీన్ నుంచి పచ్చి కోడిగుడ్లు తెప్పించి ఆ పిల్ల మీదికి విసిరారు. మొదటిది పగిలి చొక్కా నాశనమైపోయింది. రెండోది పగల్లేదు. పాఠం అయిపోయింది. అదీ ఆయన పద్ధతి.

ఇక నూకరత్నం సంగతి. పదో తరగతికే ఇంటి గుమ్మం తలకి తగిలే పొడుగు. వీధిలో పిల్లలు "కరెంటు స్తంభం వస్తోందిరోయ్" అని అరిచేవారు. పెళ్లిళ్లలో ఫొటో తీస్తే వెనక వరసలో నిలబెట్టి, అక్కడ కూడా కాస్త వంగమనేవారు. అలా వంగి వంగి నడుస్తూ డిగ్రీలో చేరిన పిల్లని మొదటి వారంలోనే మాస్టారు చూశారు. "వంగకమ్మా, నీ పొడుగుతో మాకు పనుంది" అని చేతిలో బాస్కెట్‌బాల్ పెట్టారు. ఇంకేం కావాలి! ఒక చోట నిలబడలేని, కూర్చోలేని ఆ పిల్లకి పరిగెత్తడానికి ఒక జాగా దొరికింది. మూడేళ్లు తిరిగేసరికి టీముకి ప్రాణమైపోయింది. అందులోనూ ఫ్రీ త్రో చూడాలి. ఎదుటివాళ్లు ఫౌల్ చేసినప్పుడు గీత దగ్గర ఒక్కళ్లే నిలబడి, ఎవరూ అడ్డం రాకుండా వేసే బంతి అది. రత్నం గీత దగ్గరికి నడుస్తుంటే చాలు, పాయింటు వచ్చేసిందన్న ధీమాతో తోటి పిల్లలు వెనక్కి తిరిగి తమ చోట్లకి వెళ్లిపోయేవారు.

అయితే కాలేజీలో రింగు బిగించి ఉన్నది చెక్క బోర్డుకి. దాని వెనకాల సున్నం కొట్టిన గోడ. గోడ ఎక్కడికి కదులుతుంది?

ఆఖరి ఏడాది కాలేజీల పోటీలు విశాఖలో, కొత్తగా కట్టిన ఇండోర్ స్టేడియంలో పెట్టారు. యూనివర్సిటీ జట్టుకి ఎంపిక కూడా అక్కడే. రత్నం తండ్రి బెల్లం మార్కెట్లో కాటా వేసే మనిషి. ఆయన ముందే తేల్చి చెప్పేశాడు. "జట్టులో పేరొస్తే ఆడుకో తల్లీ, నేనడ్డం రాను. రాకపోతే మీ మావయ్య బట్టల కొట్లో కుర్చీ ఖాళీగా ఉంది. బిల్లులు కొట్టుకుంటూ అందులో కూర్చుందువు గాని." పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో! ఆ మాట తలుచుకుంటేనే రత్నానికి కాళ్లు జివ్వుమనేవి.

తీరా మొదటి రోజు ఆటలో గీత దగ్గర నిలబడి తలెత్తితే, బోర్డు అద్దంది! చూపు దానిమీద ఆగలేదు, దూసుకుని అవతలికి పోయింది. అవతల గ్యాలరీలో ఒకాయన వేయించిన శనగలు ఎగరేసి నోటితో పట్టుకుంటున్నాడు. ఒక తల్లి చంటిపిల్లని ఆడిస్తోంది. కుర్రాళ్లు లేస్తున్నారు, కూర్చుంటున్నారు, మళ్లీ లేస్తున్నారు. రత్నం వేసిన ఫ్రీ త్రోల్లో ఒక్కటీ పడలేదు. మిగతా పిల్లలు ఎలాగో ఆట గట్టెక్కించారు గాని, సెలెక్టర్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకోవడం ఆ పిల్ల కంటపడనే పడింది. ఈ కథ మొదట్లో చెప్పిన ప్రశ్న, ఆ సాయంత్రం మాస్టారిని అడిగిందే.

మాస్టారు అంతా విన్నారు. "రేపు మన ఆటకి ముందు వేరేవాళ్ల ఆట ఉంది. చూద్దాం రా" అన్నారు.

మర్నాడు ఆమెని తీసుకెళ్లి సరిగ్గా అద్దం బోర్డు వెనకాల కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారని పేరే గాని రత్నం కూర్చుంటేనా! బూట్ల తాళ్లు విప్పింది, కట్టింది. నీళ్ల సీసా తెరిచింది, తాగకుండానే మూసింది. "మాస్టారూ, నేను వెళ్లి వామప్ చేసుకుంటానండీ" అంది.

"చూడమ్మా" అన్నారాయన.

ఇంతలో పాడేరు వైపు కాలేజీ నుంచి వచ్చిన పొట్టి పిల్లకి రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. ఆ పిల్ల గీత దగ్గరికి వచ్చి బంతి ఎత్తింది. బంతి రింగుకి తగిలి బయటికి పోయింది. పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని అద్దంలోంచి గ్యాలరీలోకి ఉరిమి చూసింది.

"ఓ పొడుగప్పా! కాస్త కూకోవే తల్లీ! ఎదురుగా నువ్వలా ఊగుతా ఉంటే నానెలా ఎయ్యాలి?"

గ్యాలరీ అంతా గొల్లున నవ్వింది. ఎవర్నంటోందా అని రత్నం కూడా అటూ ఇటూ చూసింది. చూస్తే ఏముంది, ఆ వరసలో లేచి నిలబడి ఉన్నది తనొక్కతే! ఎప్పుడు లేచిందో తనకే తెలీదు.

మొహం కందిపోయింది. చప్పున కూర్చుంది. చేతులు తొడల కింద పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు.

పొట్టి పిల్ల రెండో బంతి వేసింది. అదీ బయటికే పోయింది. ఈసారి ఎవర్ని తిట్టాలో తోచక పాపం తన అరచేతులు చూసుకుంది.

రత్నం మాస్టారి వైపు తిరిగింది. ఆయన జేబులోంచి వక్కపొడి తీసి నోట్లో వేసుకుని, "పద, మన టైమయింది" అన్నారు.

ఆ ఆట చూసినవాళ్లకి తెలుసు, ఊపిరాడనివ్వలేదు. ఇటు పాయింటు, అటు పాయింటు. ఇంకో క్షణంలో ఆఖరి గంట కొడతారనగా, ఇద్దరూ సమానంగా ఉండగా, రత్నాన్ని ఫౌల్ చేశారు. రెండు ఫ్రీ త్రోలు.

అద్దం వెనకాల జాతరలా ఉంది. మొదటి బంతి రింగు అంచుకి కొట్టుకుని పక్కకి పోయింది. సెలెక్టర్లలో ఒకాయన కలం మూత పెట్టేశాడు. రత్నానికి ఒళ్లు మండిపోయింది. ఎర్రచొక్కావాడొకడు పనిగట్టుకుని గెంతుతున్నాడు. "కూర్చోవయ్యా బాబూ!" అని అరవడానికి నోరు తెరిచింది.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. పొద్దున పొట్టి పిల్ల తనని అన్నదీ ఈ మాటే. తల దించుకుంది. దించుకుంటే, తన మోకాలు కనబడింది. కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడిపోతోంది. చేతుల్లో బంతి కూడా ఊరికే గిరగిరా తిరుగుతోంది. ఇదంతా ఎప్పట్నుంచి జరుగుతోందో!

రిఫరీ చూస్తున్నాడు. ఆట్టే వ్యవధి లేదు. రత్నం ఆ మోకాలినే చూస్తూ బంతిని ఒకసారి నేలకి కొట్టింది. ఇంకోసారి కొట్టింది. మడమ మెల్లిగా నేలకి ఆనింది. అప్పుడు తలెత్తింది. గ్యాలరీలో జనం తగ్గిందేమీ లేదు, ఎర్రచొక్కావాడు గెంతుతూనే ఉన్నాడు. ఆ గోలలోనే వేసింది. బంతి రింగు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, ఏమాలోచించుకుందో, లోపల పడింది. ఒక్క పాయింటుతో గెలిచారు.

సాయంత్రం యూనివర్సిటీ జట్టు పేర్లు చదివారు. అందరికన్నా ఆఖర్న చదివిన పేరు బొడ్డేటి నూకరత్నం. పిల్లలంతా ఆమెని ఎత్తబోయి, అంత పొడుగు ఎత్తలేక కింద పడేశారు.

దుమ్ము దులుపుకుంటూ రత్నం మాస్టారి దగ్గరికి వచ్చింది. అయినా మనసులో ఏదో మెదులుతూనే ఉంది.

"మాస్టారూ, పొద్దున నేను ఊపిరి కూడా తీసుకోకుండా కూర్చున్నాను కదండీ. పాపం, ఆ పొట్టి పిల్లకి రెండోది కూడా ఎందుకు పడలేదండీ?"

మాస్టారు సంచీలో బంతులు సర్దుతూ, "అవునమ్మా, చాలా బాగా కూర్చున్నావు" అన్నారు.