పాపం లేనివాడు చెట్టెక్కాలి

ఆ సంస్థానంలో వానొచ్చినా వరదొచ్చినా దివాను విందుకి తాజా కల్లు దిగాల్సిందే. ఒకనాడు ఉరుములు ఉరుముతుంటే, వద్దు మొర్రో అన్నా వినకుండా కల్లుగీసే ఈదవ్వ మొగుణ్ణి దివాను మనుషులు చెట్టెక్కించారు. పిడుగు పడి అతను తాటిచెట్టు మీదే మాడిపోయాడు.

మూడోనాడు దివాను తాటివనానికొచ్చి ఊరందరి ముందూ తీర్పు చెప్పాడు. "పిడుగు పాపాత్ముల్నే వెతుక్కుంటూ వచ్చి పడుతుంది. ఈ పాపిష్టి కొంప ఊళ్లో ఉండటానికి వీల్లేదు."

ఈదవ్వకి ఒళ్లు మండిపోయింది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. మొగుడు చెట్టెక్కే మోకు తెచ్చి దివాను కాళ్ల ముందు విసిరికొట్టింది.

"మంచిది దొరా, మేం పాపులమే. నేనీ పల్లంల కూసుంట. ఏ పాపం అంటనోనివి, నువ్వు చెట్టెక్కు. పిడుగు నన్నే ఏరుకొని పడితె మా ఇల్లు కూలగొట్టు."

అని పోయి పల్లంలో కూర్చుంది. ఇంతలో ఫెళ్లున ఉరిమింది. దివాను తలపాగా జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తి, పల్లంలో ఈదవ్వ పక్కకే వచ్చి నక్కాడు. ఊరంతా చూసింది.

"పిడుగుకు పాపపుణ్యాలు తెల్వయి దొరా, ఎత్తుగున్నదాని మీదనే పడతది," అంది ఈదవ్వ, పళ్లు కొరుకుతూ. "నా పక్కకొచ్చి నక్కినవంటే ఆ సంగతి నీకూ ఎరుకే. ఎరుకుండే నా మొగుణ్ణి ఎక్కిచ్చినవ్."