తెరచాప మీద తారు చెయ్యి

గోదావరి సముద్రంలో కలిసే చోట, ఉప్పుతిప్ప అనే పల్లెలో, కోపం ముక్కు మీదే కాపురం పెట్టిన పేర్రాజు అనే జాలరి ఉండేవాడు. ఇంట్లో నీళ్లకుండ పగిలిందనుకోండి. ఎవరైనా ఏం చేస్తారు? ముందు నీళ్లు తుడుస్తారు. పేర్రాజు తుడవడు, ఇంకొకరిని తుడవనివ్వడు. "ఎవరు పగలగొట్టారు?" అంటూ ఇల్లంతా చిందులు తొక్కేవాడు. అది తేలేలోపు నీళ్లు బియ్యం బస్తా కిందికి చేరేవి. అప్పుడైనా బుద్ధి వచ్చేదా? అబ్బే! బియ్యం తడిసినందుకు మళ్లీ ఇంకొకరి మీద ఎగిరేవాడు.

పేర్రాజుకూ, తమ్ముడు తాతారావుకూ కలిపి ఒకటే పడవ ఉండేది. అన్న చుక్కాని పట్టేవాడు, తమ్ముడు వల వేసేవాడు. ఆ ఏడు వాళ్లు కొత్త తెరచాప చేయించుకున్నారు. చలికాలంలో గాలి నీరసంగా వీస్తుంది. ముతక తెరచాప ఆ గాలికి ఉబ్బదు. అందుకని సన్న నేత గుడ్డ తెచ్చారు. పేర్రాజు భార్య వరహాలమ్మ వేళ్లు పొక్కులెక్కేలా దాన్ని చేత్తో కుట్టింది. తెరచాప తెల్లగా, పెళ్లికూతురి చీరంత నాజూగ్గా ఉంది. మర్నాడు తెల్లవారితే కోనాం చేపల వేట మొదలు. ఆ చేప ఒడ్డు దగ్గరికి వచ్చేది కొద్దిరోజులే. ఆ కొద్దిరోజుల సంపాదనతోనే ఇంటిల్లిపాదీ వానాకాలం గట్టెక్కాలి.

ఆ ముందురోజు ఉదయం రేవులో అందరూ పడవలకు తారు పూస్తున్నారు. పేర్రాజు తన పడవ పని ముగించుకుని తెరచాప కోసం ఇంటికి వచ్చాడు. పెరట్లో వెదురు మీద ఆరేసిన తెరచాప నట్టనడుమ నల్లగా ఒక చెయ్యి కనపడింది. అయిదు వేళ్లూ విప్పి చరిచినట్టు తారు అరచెయ్యి!

"ఎవడ్రా ఇది?" అని పేర్రాజు అరిచిన అరుపుకి చూరు మీది కాకులన్నీ లేచిపోయాయి.

వరహాలమ్మ పరుగున వచ్చి మరక చూసింది. గబగబా లోపలికి వెళ్లి కొబ్బరినూనె గిన్నె, మెత్తని పాతగుడ్డ తెచ్చింది.

"తారు ఇంకా పచ్చిగానే ఉంది మావా. నూనె అద్ది మెల్లిగా తుడిస్తే వచ్చేస్తది. ఆనక కుంకుడు రసంలో జాడించి ఆరేద్దాం. ఎండెక్కిందంటే మాత్రం ఇక వదల్దు" అంది.

"ముట్టుకున్నావంటే చూడు!" అన్నాడు పేర్రాజు. "అది దొంగ వదిలేసి పోయిన గుర్తు. తుడిచేస్తే వాడు దొరికేదెలాగ?"

"దొంగేంటి మావా! ఎవరో పొరపాటున చెయ్యి ఆనించుంటారు."

"పొరపాటున అయిదు వేళ్లూ ఆనుతాయా? నా మీద ఏడుపుతో చేసిన పనే ఇది! వాడెవడో తేలేదాకా ఈ మరక ఇలాగే ఉండాలి."

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే. పేర్రాజు తెరచాపను రేవుకు మోసుకుపోయాడు. మరక పైకి కనపడేలా ఇసుక మీద పరిచాడు. తెడ్డు చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. "ఒక్కొక్కడూ వచ్చి ఈ గుర్తు మీద చెయ్యి పెట్టండి. ఎవడి చెయ్యి సరిపోతే వాడే దొంగ!" అని కేకేశాడు.

వేట ముందురోజు ఎవరి పని వాళ్లకి తలమునకలుగా ఉంది. అయినా పేర్రాజు నోటికి జడిసి జనం వచ్చారు. సన్న గుడ్డ కదా, తారు పోగు పోగుకీ పాకుతోంది. గుర్తు గడియగడియకీ పెద్దదవుతోంది. దాంతో ఎవరి చెయ్యి పెట్టినా సరిపోయేలాగే ఉంది. పేర్రాజుకు ఒళ్లు మండిపోయింది. "ఊరు ఊరంతా ఒకటై నన్ను ఏడిపిస్తున్నార్రా!" అన్నాడు.

అందరికంటే పెద్దవాడు లచ్చన్న తాత తన చెయ్యి ఎత్తి చూపించాడు. "నాకు నాలుగు వేళ్లేరా అబ్బాయ్. అయిదోది సొరచేప పట్టుకుపోయింది. దాన్ని కూడా పిలిపిస్తావేంటి సాక్ష్యానికి?"

జనం పకపకా నవ్వారు. అగ్గి మీద గుగ్గిలం పడింది! పేర్రాజు తెడ్డుతో ఇసుకను బాదాడు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. తారు అంచుల వెంట గట్టిపడుతోంది. వరహాలమ్మ నూనె గిన్నె పట్టుకుని మళ్లీ వచ్చింది. "నీ కాళ్లకి దణ్ణం పెడతాను మావా, ఇప్పుడైనా తుడవనియ్యి" అని బతిమాలింది. "అవతలికి పో!" అన్నాడు.

అంతలో వలలు సర్దుకుని తాతారావు వచ్చాడు. పేర్రాజు తమ్ముడి చెయ్యి పట్టి లాగి గుర్తు మీద అదిమాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"దొరికాడు! నా ఇంట్లోనే ఉన్నాడు దొంగ!"

"మన తెరచాపని నేనెందుకు పాడుచేస్తానన్నయ్యా?" అన్నాడు తాతారావు. "నీ చెయ్యీ నా చెయ్యీ ఒకటే కొలత. కావాలంటే నీ చెయ్యి పెట్టి చూసుకో."

"నన్నే దొంగనంటావా!" అంటూ పేర్రాజు ఇంతెత్తున లేచాడు.

తాతారావు ఎండ వంక చూశాడు. కళ్లు తుడుచుకుంటున్న వదినను చూశాడు. "సరే, నేనే చేశాను. నీ దొంగ దొరికాడుగా? ఇప్పుడైనా వదిన్ని ఆ మరక తుడవనియ్యి" అన్నాడు.

గింజంత బుద్ధి ఉన్నవాడెవడైనా ఆ మాట ఎందుకన్నాడో గ్రహించేవాడు. కానీ ఈ మొండిఘటానికి ఆ గింజ ఎక్కడ దొరుకుతుంది? దొంగ దొరికాక తుడవనిస్తానన్న మాట కూడా మరిచిపోయాడు. తిట్లు లంకించుకున్నాడు. చిన్నప్పుడు తాతారావు పోగొట్టిన గాలం దగ్గర్నుంచి మొన్న చిరిగిన వల దాకా అన్నీ తవ్విపోశాడు. తాతారావు తలవంచుకుని అన్నీ పడ్డాడు. చివరికి పేర్రాజు, "నా పడవలో నీకు చోటు లేదు పో!" అన్నాడు.

తాతారావు తలెత్తాడు. "ఎన్నైనా తిట్టు. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకో అన్నయ్యా."

"తీసుకోను! ఏం చేస్తావ్?"

తాతారావు ఏమీ చెయ్యలేదు. ఒంటిమీది ఇసుక దులుపుకుని వెళ్లిపోయాడు.

అప్పటికి మధ్యాహ్నమైంది. వరహాలమ్మ నూనె అద్ది చూసింది. తారు కొంచెమైనా కదల్లేదు. "పోతే పోయింది మావా. మరక ఉంటే గాలేమన్నా రానంటదా? దీంతోనే వేటకెళ్దువుగాని. వెళ్లి తాతారావుని పిలుచుకురా" అంది.

"ఈ మచ్చతో వెళ్తే ఊరంతా నవ్వదూ? ఎలా పోదో నేనూ చూస్తాను!" అన్నాడు పేర్రాజు. కాగే నీళ్లలో గుప్పిళ్లకొద్దీ చాకలి సోడా పోశాడు. ఇంటికి మోసుకొచ్చిన తెరచాపను అందులో ముంచాడు. ఇటుకముక్క తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దిన ప్రతిసారీ తమ్ముణ్ణి ఒక తిట్టు, ఊరిని ఒక తిట్టు! వరహాలమ్మ వద్దు వద్దని చెయ్యి పట్టుకున్నా విదిలించుకున్నాడు. ఉన్నట్టుండి ఇటుకముక్క గుడ్డలోంచి అవతలికి పోయింది. ఆ కోపంలో తెరచాపను ఒక్క గుంజు గుంజాడు. అది పైనుంచి కింది దాకా పర్రున చీలిపోయింది. చిరుగు అంచుల మీద తారు మాత్రం అలాగే ఉంది.

సాయంత్రం పేర్రాజు ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా, అతన్ని చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన మేనత్త సూరమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆవిడకు చూపు సరిగా ఆనదు.

"ఒరే పేర్రాజూ, ఆ చెయ్యి నాదిరా" అంది. "నీ కోసమని రేవుకెళ్లి, తారు పూసిన పడవని తెలీక పట్టుకున్నాను. నువ్వు కనపడకపోతే ఇంటికొచ్చాను. మీ పెరట్లో కాలు జారి, పడిపోబోయి ఆ గుడ్డని ఆసరా చేసుకున్నాను. నీకు చెబుదామనే పెరటి వెనక చెట్టు నీడన కూర్చున్నాన్రా. నీ అరుపులకి గుండె దడొచ్చి, ఇంటికెళ్లి తలుపేసుకున్నాను. కొడతావా, కొట్టు."

ఉదయం నుంచీ వెతికిన దొంగ ఎదురుగా వణుకుతూ నిలబడితే, పేర్రాజుకు తిట్టడానికి ఒక్క తిట్టు దొరకలేదు. ఆవిణ్ణి చెయ్యి పట్టి అరుగు మీద కూర్చోబెట్టాడు. చెప్పులైనా వేసుకోకుండా తమ్ముడింటికి పరుగెత్తాడు.

"తప్పు నాదేరా. రేపు వేటకి రా" అన్నాడు.

"నాకు నీ మీద కోపం లేదన్నయ్యా. కానీ లచ్చన్న తాత కొడుక్కి మాటిచ్చేశాను. ఈ వేట అయ్యేదాకా వాళ్ల పడవలోనే వెళ్తాను. చోటు లేదన్నది నువ్వేగా?" అన్నాడు తాతారావు.

తెల్లవారింది. మెల్లగా, సరిగ్గా కావలసినంత గాలి వీచింది. ఊళ్లో పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి సముద్రంలోకి సాగిపోయాయి. లచ్చన్న తాత కొడుకు పడవలో తాతారావు వల సర్దుతూ కనిపించాడు. పేర్రాజు పడవ ఒక్కటే ఒడ్డున మిగిలిపోయింది. దాని పక్కన ఇసుకలో వరహాలమ్మ చీలిన తెరచాప ఒళ్లో వేసుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"అతుకుతుందంటావా?" అని అడిగాడు పేర్రాజు నెమ్మదిగా.

వరహాలమ్మ నిన్నటి నుంచీ దిగమింగిన కోపమంతా ఒక్కసారి పైకి వచ్చింది. "గుడ్డ అతుకుతుంది మావా. వేట అయిపోయాకైనా అతుకుతుంది. తమ్ముణ్ణి పడవ దిగి పొమ్మన్నావే, ఆ మాట ఏ దారంతో కుట్టమంటావో చెప్పు!" అంది.

పడవలు కనుమరుగయ్యేదాకా పేర్రాజు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

పొరపాటు జరిగినప్పుడు ఎవరు చేశారని కేకలేసే ముందు దాన్ని దిద్దుకోవాలి; కోపంతో రుద్దితే మరక పోదు, గుడ్డే పోతుంది.