ముఖం తిప్పుకున్న రాయి

ఒకానొక రాజ్యంలో ప్రచండవర్మ అనే రాజుగారు ఉండేవారు. రాజ్యం పేరు చెప్పినా మీకూ నాకూ ఒరిగేదేమీ లేదు. రాజుగారి పేరు మాత్రం చెప్పకపోతే ఆయన ఊరుకునే రకం కాదు. కోడి కూసినా అది తనకే దండం పెడుతున్నదనుకునే మనిషి. అలాంటి మనిషిని ముప్ఫై ఏళ్లుగా నవ్విస్తూ వచ్చినవాడు తిప్పన్న. నవ్వించడమూ కూలిపనే. ఈ మధ్య తిప్పన్నకు సభలోకి అడుగు పెట్టగానే ఒళ్లంతా బరువెక్కిపోయేది.

ఒకనాడు ఓడవర్తకులు వచ్చి జానెడేసి పొడవున్న సూదంటురాళ్లు రెండు రాజుగారికి కానుకగా ఇచ్చారు. ఒకదాన్ని పట్టుదారంతో మధ్యకు కట్టి వేలాడదీశారు. రెండోదాన్ని రాజుగారు చేత్తో పట్టుకుని దాని ముందు చాపారు. వేలాడే రాయి గబుక్కున తిరిగి వచ్చి అంటుకుంది.

"చూశారా? రాళ్లకు కూడా మా మీద భక్తి" అన్నారు రాజుగారు.

సభ చప్పట్లు కొట్టింది. ఆ ఉత్సాహంలో రాజుగారు చేతిలో రాయిని అటుదిటు తిప్పి మళ్లీ అదే కొస ముందు చాపారు. ఈసారి వేలాడే రాయి ముఖం తిప్పేసుకుంది. మళ్లీ చాపితే మళ్లీ తిప్పుకుంది. 

ఆస్థాన పండితుడు సోమయాజి లేచాడు. తెలియదనే మాట ఆయన నోట ఎవరూ విని ఎరుగరు. "ప్రభూ, ప్రతి పదార్థంలోనూ భక్తి సగం, ద్రోహం సగం ఉంటాయి. ద్రోహపు సగాన్ని కోయించేస్తే సరి" అన్నాడు.

రాళ్లపనివాడు ఓబులప్పను పిలిపించారు. అతడు వేలాడే రాయిని సరిగ్గా మధ్యకు కోశాడు. ఏ ముక్కకు ఆ ముక్క ఒక కొసతో దగ్గరికొచ్చింది, ఇంకో కొసతో ముఖం తిప్పుకుంది. ముక్కల్ని మళ్లీ కోశాడు. పొద్దు వాలేసరికి ఎనిమిది ముక్కలయ్యాయి, ఎనిమిదింటికీ రెండేసి గుణాలు ఉండనే ఉన్నాయి.

"ఏలినవారు మన్నించాల. ఎంత సిన్న ముక్క సేసినా రెండు కొసలూ ఉండాయి" అన్నాడు ఓబులప్ప. "ఒకే రకం కొసలు ఎదురైతే తోసుకుంటాయి, ఏరే రకమైతే కలుసుకుంటాయి. కోస్తే పోయేది కాదు సామీ ఇది."

సోమయాజికి తన మాట పోయేలా ఉందని భయం పట్టుకుంది. "ద్రోహం వీడి ఉలిలో ఉంది ప్రభూ. అది రాయిలోకి దిగుతోంది" అన్నాడు.

రాజుగారికి ఆ మాట నచ్చింది. "శుక్రవారం సభకు ద్రోహం లేని రాయి నా ముందుండాలి. లేకపోతే వీడి బొటనవేళ్లు రెండూ తీయించండి" అన్నారు.

బొటనవేళ్లు లేనివాడు ఉలి పట్టలేడు, అన్నం ముద్ద కూడా కలుపుకోలేడు. మర్నాడు ఓబులప్ప భార్య సుంకమ్మ తిప్పన్న ఇంటికొచ్చి గడప దగ్గర కూలబడింది.

"మీరు సెప్తే రాజుగారు ఇంటారంట సామీ."

"వినరమ్మా, నవ్వుతారు. రెండూ ఒకటి కావు."

"నవ్వితే నా మొగుడి యేళ్లు మిగుల్తాయా?"

 తిప్పన్నకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఇన్నేళ్లూ ఒక మూర్ఖుణ్ని నవ్విస్తూ పొట్ట పోసుకున్న తన మీదే. అలా అని కోపంతో వేళ్లు మిగలవు కదా. పాదరక్షలు వేసుకుని నీరసంగా కమ్మరి కొలిమి దారి పట్టాడు.

శుక్రవారం సభ నిండింది. సైనికులు ఓబులప్పను చేతులు కట్టి నిలబెట్టారు. తిప్పన్న ఉత్తరీయంలోంచి నల్లని కడ్డీ ఒకటి తీసి పట్టుదారానికి కట్టాడు.

"ప్రభూ, ద్రోహం లేనిది దొరికింది. పరీక్షించండి."

రాజుగారు తన రాయిని ఒక కొసతో చాపారు. కడ్డీ వచ్చి అంటుకుంది. రెండో కొసతో చాపారు. అప్పుడూ వచ్చి అంటుకుంది. కడ్డీని తలకిందులు చేసి కట్టించినా అదే తీరు. రాజుగారి ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలేదూ?" అన్నాడు సోమయాజి.

"ఇప్పుడు తమ చేతిలో రాయిని దూరంగా పంపించండి ప్రభూ" అన్నాడు తిప్పన్న. "ఓడవాళ్లు సూదంటురాయిని నమ్ముకునే సముద్రం దాటుతారట. ఈ భక్తుణ్ని ఉత్తరం ఎటో అడుగుదాం."

కడ్డీని వేలితో తట్టాడు. అది తిరిగి తిరిగి సేనాపతి వైపు చూస్తూ ఆగింది. మళ్లీ తట్టాడు. ఈసారి వంటశాల వైపు చూసింది. మూడోసారి సోమయాజి వైపు. తర్వాత దాన్ని విప్పేసి, ఓబులప్ప కోసిన చిన్న ముక్కను అదే దారానికి కట్టాడు. ఎన్నిసార్లు తట్టినా అది కాసేపు ఊగి ఉత్తరానికే తిరిగింది.

"మొదటిది ఏమిటి?" అన్నారు రాజుగారు.

"ఉత్త ఇనుపముక్క ప్రభూ. కమ్మరి దగ్గర అడిగి తెచ్చాను. తాము తానా అంటే అది తందానా అంటుంది, దానికంటూ ఒక దిక్కు లేదు. ముఖం తిప్పుకునే కొస ఉన్నదానికే ఉత్తరం తెలుసు. రేపు తాము ఓడెక్కి నడిసముద్రంలోకి వెళితే, ఈ రెండింటిలో దేన్ని వెంట తీసుకెళతారు?"

రాజుగారు ఇనుపముక్కను చూశారు, రాతిముక్కను చూశారు, సోమయాజిని కాస్త ఎక్కువసేపు చూశారు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. సభ కూడా నవ్వింది. ఓబులప్ప కట్లు విప్పించి అతని చేతికి బంగారు కడియం తొడిగించారు. తన మెడలోని హారం తీసి తిప్పన్నకు వేశారు.

"తిప్పన్నా, ఇకనుంచి రోజుకొక్కటి మాకు నచ్చని మాట నువ్వు చెప్పాలి. ఇది ఆజ్ఞ."

హారం బరువుగా ఉంది. రోజుకొకటంటే ఎన్ని రోజులో అని తిప్పన్న మనసులో లెక్క వేసుకున్నాడు. అయినా చేతులు జోడించాడు.

"ఇవాళ్టిది ఇప్పుడే చెప్పమంటారా ప్రభూ?"

"చెప్పు, చెప్పు" అన్నారు రాజుగారు, ఇంకా నవ్వుతూనే.

"వీడి పెళ్లాం కోట వాకిట ఎండలో నిలబడి ఉంది. మొగుడి వేళ్లు ఉన్నాయో పోయాయో దానికింకా తెలియదు. లోపల మనం నవ్వుతుంటే ఆ నవ్వు దానికి వినపడుతోంది."

రాజుగారి నవ్వు ఆగిపోయింది. సింహాసనం దిగి, ఛత్రం పట్టేవాణ్ని వద్దని, ఓబులప్పను చేయి పట్టుకుని తానే వాకిట్లోకి నడిపించుకు వెళ్లారు. "అమ్మా, తప్పు నాది. వేళ్లు లెక్క చూసుకో" అన్నారట.

సుంకమ్మ నిజంగానే లెక్క చూసుకుంది. పదీ ఉన్నాయని తేలాకే రాజుగారికి దండం పెట్టింది.