రాజీ లేని లారీ

లారీకి ఏ టైర్లు వేయాలన్న సంగతి మీద ఓబులేశు దర్గాలో అందరితోనూ తగువు పెట్టుకున్నాడు. వంటాయనతో, డ్రైవరుతో, ఆఖరికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన భక్తులతో కూడా.

దర్గా నల్లమల అంచున ఉంది. అక్కడి కరీముల్లా బాబాకు ఒక పెద్ద పొయ్యి, ఒక పాత లారీ తప్ప ఆస్తి లేదు. పొయ్యి మీద వండేది వచ్చినవాళ్లకు. లారీలో వేసేది రాలేనివాళ్లకు. ఏటా వానలు పట్టేలోగా కొండ మీది చెంచుగూడేనికి బియ్యం, జొన్నలు చేర్చాలి. వంక పొంగడం మొదలైతే దసరా దాకా లోడు బండికి దారి మూతపడుతుంది.

ఆ దారితోనే చిక్కంతా. ఊళ్లోని మిల్లు నుంచి అడవి మొదలు దాకా నున్నటి తారురోడ్డు. అక్కణ్ణించి గూడెం దాకా రాళ్లూ, జిగట మన్నూ, నడుమ వంక. భక్తులు దానమిచ్చిన డీజిల్‌తోనే ఈ తిరుగుడంతా తిరగాలి.

ముందటేడు రోడ్డు టైర్లు వేశారు. సన్నటి గీతలు తప్ప పట్టు లేని టైర్లు. డీజిల్ బాగానే మిగిలింది, లారీ వంకలో దిగబడింది. పోయినేడు పంతానికి పోయి పెద్ద పళ్ల టైర్లు వేశారు. అవి బురదను కరిచి పట్టుకున్న మాట నిజమే. కానీ తారురోడ్డు మీద కుండతో తాగినట్టు డీజిల్ తాగాయి. ఆఖరి లోడు దర్గా ముందే నిలిచిపోయింది. ఆ వానాకాలం గూడెం గడ్డలు తవ్వుకుని బతికింది.

ఎండలు ముదిరినప్పుడు గూడెం పెద్ద ఈదన్న తేనె ఇవ్వడానికి దిగివచ్చాడు. నిష్ఠూరమాడలేదు. తేనె కుండ దించి, ఓబులేశు వైపు చూసి ఒక్క మాట అడిగాడు.

"ఈయేడన్నా వస్తదా నాయనా?"

"వస్తాది. నాదీ మాట," అన్నాడు ఓబులేశు.

ఆ రోజు నుంచి అతనికి తిండి సయించడం లేదు.

ఓబులేశు చదువుకున్నవాడు. చదివిన ప్రతి పుస్తకం నుంచీ ఒక నినాదం వెంట తెచ్చుకున్నవాడు. ఊరేగింపుల్లో గొంతు పోగొట్టుకుని, ఎవరి మీదా నమ్మకం మిగలక, అడగకుండా అన్నం పెట్టే మనిషి ఒకడున్నాడని విని ఈ దర్గాకు వచ్చాడు. వచ్చిన నెలలోనే లారీ నొసటి మీద ఎర్రరంగుతో 'రాజీ లేదు' అని రాశాడు. తుప్పు కనబడకుండా పోతుందని డ్రైవరు మాబుసాబు సంతోషించాడు. బాబా చూసి, అక్షరాలు బాగున్నాయన్నాడు.

ఇప్పుడు ఊళ్లో టైర్ల కొట్టాయన మూడో రకం ఒకటి చూపించాడు. నడుమ గీతలు, అంచులకు పళ్లు. రోడ్డు మీద మరీ తాగదు, బురదలో మరీ జారదు.

"అదే వేసేద్దామప్పా," అన్నాడు మాబుసాబు.

"నడిమి టైరా?" ఓబులేశు మండిపడ్డాడు. "మధ్యలో నిలబడినోడు ఎప్పుడూ బలమున్నోడి పక్కనే నిలబడతాడు, మాబన్నా. చరిత్ర నిండా అంతే. ఆ టైరు రోడ్డుకూ సలాం కొడతాది, బురదకూ సలాం కొడతాది. గూడెం మనుషులు ఆఖరి మనుషులు. ఆఖరి మనిషి కోసం మొదలుపెట్టిన బండికి సగం సగం టైర్లా?"

"టైరుకు పార్టీ ఏందిరా సామీ. నేను నడపాల్సింది లారీని, నీ ఊరేగింపును కాదు."

"పళ్ల టైర్లే వేద్దాం. డీజిల్ ఇంకా అడుగుదాం. జనాన్ని కదిలిద్దాం."

"పోయినేడు కూడా కదిలిస్తివి. ఎవురూ కదల్లా. లారీ కూడా కదల్లా."

ఓబులేశు ముఖం ఎర్రబడింది. నేరుగా బాబా దగ్గరికి పోయాడు. బాబా పొయ్యి దగ్గర కూర్చుని చింతపండు పిసుకుతున్నాడు.

"బాబా, మీరే తేల్చండి. రోడ్డు టైర్లా, పళ్ల టైర్లా? రెండూ కాని ఆ నడిమి టైరు మాత్రం నేను ఒప్పుకోను."

బాబా చేతులు కడుక్కుని లేచాడు.

"ఈదన్నను చూసి శానా దినాలాయె. నడిచిపోయొద్దాం పా బేటా."

బాబా కాళ్లకు లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు. ఓబులేశు కాళ్లకు మందపాటి బూట్లు, అడుగున లోతైన గాడులు. ఎంతటి దారికైనా లొంగని బూట్లని గొప్పగా చెప్పి కొనుక్కున్నాడు.

తారురోడ్డు ఉన్నంత మేరా బాబా చెప్పులతో టకటకా నడిచాడు. ముందురోజు కురిసిన జల్లుకు వంక ఒడ్డు మెత్తబడి ఉంది. అక్కడ బాబా చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. బురదలో మెల్లగా, అడుగు వెడల్పు చేసి, వేళ్లు విప్పి నడిచాడు. అవతలి గట్టున గడ్డికి కాళ్లు తుడుచుకుని మళ్లీ చెప్పులు వేసుకున్నాడు. రాళ్లు దాటాక ఇంకొక మెత్తటి చోటు వచ్చింది. మళ్లీ విప్పాడు, మళ్లీ వేసుకున్నాడు.

ఓబులేశు ఇదేదీ చూడలేదు. మాబుసాబుకు చెప్పాల్సిన జవాబులు మనసులో కూర్చుకుంటున్నాడు. పైగా అతని బూట్ల గాడుల్లో జిగట మన్ను కూరుకుపోయి, ఒక్కో కాలికి ఒక్కో రోలు కట్టినట్టయింది. ఒకచోట కాలు పైకి వచ్చింది, బూటు రాలేదు.

బాబా ఆగి, అతను బూటు పెరుక్కునేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు.

తిరిగి వచ్చాక ఓబులేశు మళ్లీ అడిగాడు. "బాబా, నా ప్రశ్నకు జవాబు చెప్పనే లేదు."

"పోయొస్తిమి కదా బేటా," అన్నాడు బాబా, పొయ్యి ఎగదోస్తూ.

మర్నాడు మాబుసాబు నడిమి టైర్లే వేయించుకొచ్చాడు. బాబా వద్దనలేదు. ఓబులేశు అలిగాడు. బస్తాలు మాత్రం ఇద్దరి పెట్టు మోశాడు.

మబ్బులు ఆ ఏడు తొందరపడ్డాయి. ఒక లోడు చేరింది, రెండోది చేరింది. డీజిల్ ఇంకా ఉంది. ఆ సంగతి మాబుసాబు రెండుసార్లు గట్టిగా చెప్పాడు, ఓబులేశు రెండుసార్లూ చెట్ల వైపు చూశాడు. ఆఖరిది, అన్నిటికన్నా పెద్దది, మిగిలింది. దాంతో బయల్దేరిన పొద్దున కొండ మీద వాన దిగడం కనబడుతోంది. బాబా కూడా లారీ ఎక్కాడు.

వంకలో నీళ్లు ఇంకా చీలమండల లోతే ఉన్నాయి. లారీ నీళ్లు దాటింది. అవతలి ఏటవాలు ఎక్కబోయి జారింది. మాబుసాబు ఇంకొంచెం తొక్కాడు. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, మన్ను చిమ్మి, గుంట చేసుకున్నాయి.

"అయిపాయ," అన్నాడు మాబుసాబు ఇంజను ఆపి.

గట్టు మీద గూడెం జనం నిలబడి ఉన్నారు. ముందు ఈదన్న. ఎగువన వంక రంగు మారుతోంది.

ఓబులేశు కిందికి దూకాడు. "నేను చెప్తిని కదా. నడిమి టైరు నడిమధ్యలోనే నిలబెడతాదని చెప్తిని కదా. ఇప్పుడేం చెప్పాల నేను వాళ్లకు?"

అతనికి నినాదం ఒక్కటీ గుర్తు రాలేదు.

బాబా నెమ్మదిగా దిగాడు. మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పాడు. వాటిని లారీ అద్దానికి తగిలించాడు. బురదలోకి పాదం మోపి, అక్కడే నిలబడ్డాడు.

ఈసారి ఓబులేశు చూశాడు.

ముసలి పాదం. చెప్పులో ఉన్నప్పుడు సన్నగా, గట్టిగా ఉండే పాదం. మన్ను తగలగానే రొట్టెలా వెడల్పయింది. వేళ్లు దేనికవి విడిపోయి నేలను పట్టుకున్నాయి. దిగబడలేదు. అదే పాదం.

ఓబులేశు చూపు ఆ పాదం మీది నుంచి టైరు మీదికి పోయింది. రోడ్డు కోసం రాయిలా గాలి బిగించిన వెనక టైరు, పక్కనే దాని జంట, అటుపక్క ఇంకొక జంట. వంగి, తన ముందున్న టైరుకు గాలి ఎక్కించేచోటున్న మూత తిప్పి తీశాడు. జేబులోంచి తాళంచెవి తీసి లోపలి సీలను నొక్కాడు. బుస్సుమంది.

"ఒరే, గాలి తీస్తాండావేందిరా," మాబుసాబు కిటికీలోంచి సగం బయటికి వచ్చాడు. "లోడు బండిరా అది. చచ్చి ఊరుకుంటాది."

"చావదు మాబన్నా. మొత్తం తీయను. నువ్వు కూర్చో."

టైరు పొట్ట కొంచెం ఉబ్బింది. నేలకు తగిలేచోట వెడల్పయింది. అంచుల పళ్లు, ఇందాకటిదాకా గాల్లో ఉన్నవి, వరసగా మన్నులోకి దిగాయి. ఓబులేశు ఒక్కో చక్రం దగ్గరికీ బురదలో మోకాళ్ల మీద పాకుతూ పోయాడు. బూట్లు ఎప్పుడు విప్పాడో అతనికే తెలియదు.

"ఇప్పుడు పోనీ. తొక్కొద్దు. బాబా నడిచినట్టు పోనీ."

మాబుసాబు బిస్మిల్లా అని ఇంజను వేశాడు. లారీ మూలిగింది. చక్రం ఉన్నచోటే గిర్రున తిరగలేదు, మెల్లగా ముందుకు పొర్లింది. మన్ను చిమ్మలేదు. ఒక మూర కదిలింది. ఇంకొక మూర. గట్టు మీద ఎవరో ఈల వేశారు. ఈదన్న మొదటివాడుగా కిందికి ఉరికి లారీ వెనక భుజం పెట్టాడు. అతని వెనక గూడెమంతా ఉరికింది. లారీకి ఆ భుజాలు అవసరం లేదు. అది తనంతట తానే గట్టెక్కుతోంది. అయినా ఎవరూ చేతులు తీయలేదు.

బస్తాలు దించడం పూర్తయ్యేసరికి వంక ఎర్రగా పొంగి గర్జిస్తోంది. చెంచులు దానికి పోటీగా డప్పులు వేశారు. ఓబులేశు ప్రసంగం చేస్తాడేమోనని మాబుసాబు భయపడ్డాడు. అతను ఒక బస్తా మీద కూర్చుని, ఈదన్న ఇచ్చిన జొన్నరొట్టె తేనెలో ముంచుకుని, ఎండలు ముదిరినప్పటి నుంచీ ఉన్న ఆకలంతా తీరేలా తిన్నాడు.

"వస్తదంటివి, వచ్చింది," అన్నాడు ఈదన్న.

తెల్లారేసరికి వాన తెరిపిచ్చి నీళ్లు తీశాయి. ఖాళీ లారీ సులువుగా దిగి వంక దాటింది. అడవి అయిపోయి తారురోడ్డు తగిలేచోట ఓబులేశు బండి ఆపమన్నాడు. లారీ ఇంజనుతోనే నడిచే గాలిపంపు గొట్టం తగిలించి ఒక్కో టైరుకూ గాలి పట్టాడు. అన్నీ మళ్లీ రాయిలా బిగిశాయి. తర్వాత అద్దానికి వేలాడుతున్న చెప్పులు తీసి, మన్ను దులిపి, బాబా పాదాల ముందు పెట్టాడు.

బాబా చెప్పులు తొడుక్కుంటూ లారీ నొసటి వైపు చూశాడు. ఎర్రక్షరాల నిండా వంక బురద ఎండి ఉంది.

"రాజీ పడితివా బేటా?"

"లేదు బాబా," అన్నాడు ఓబులేశు. "గూడెం చేరినాం."

బాబా మెట్టెక్కి, తన ఉత్తరీయం కొసతో అక్షరాల మీది మట్టి తుడిచాడు.

"అయితే ఆ రాత ఉండనీ."