చుక్కోడు తోరణం దాటిన ఏరువాక

ఎద్దులకి ఏడాదికోసారి గౌరవం దక్కేది ఏరువాక పున్నమి నాడే. మిగతా రోజులన్నీ ముల్లుకర్రతో పొడిచే చేతులే ఆవేళ కొమ్ములకి రంగేసి, మెడకి మువ్వలు కట్టి, దణ్ణం పెడతాయి. మనుషులు సాయంత్రం చేసే ఈ ముచ్చటని జంతువులు ముందే, పొద్దున పూట, తమలో తాము చేసుకుంటాయి. మా పశువుల దొడ్డిలో దానికో ఉత్సవ కమిటీ కూడా ఉంది. అధ్యక్షుడు సవల కోడిపుంజు, మెడ చుట్టూ నల్ల ఈకలవాడు. నాగలి దున్నడు, బండి లాగడు, ఏరువాకతో నీకేం పనయ్యా అంటే, అధ్యక్షుడికి పని తెలియాలని ఎక్కడ రాసుందో చూపించమంటాడు.

దొడ్డి వాకిట్లో మామిడాకులు గుచ్చిన గోగునార తోరణం కడతారు. పుట్టిన మూడేళ్లలోపు దూడ తనవాళ్లతో కలిసి దాని కింద నుంచి నడిస్తేనే మందలో లెక్క. లేకపోతే ఎన్నేళ్లొచ్చినా పాకలో ఉండాల్సిందే. పుల్లావు కొడుకు చుక్కోడికి ఇదే మూడో ఏడు. పోయిన రెండేళ్లూ వాడు దాటలేకపోయాడు. గాడిదల బ్యాండు మొదలవగానే కాళ్లు మడిచి కూలబడి, తల గడ్డిలో దూర్చేసుకున్నాడు. మెడకి మువ్వలు కడితే రక్తం వచ్చేదాకా విదిలించుకున్నాడు. అలాగని వాడికి పండగంటే ఇష్టం లేదనుకోకండి. తోరణం ఎప్పుడు కడతారని ఏడాది పొడుగునా అడుగుతూనే ఉంటాడు.

పండగ పదిరోజులుందనగా పుల్లావు పుంజు దగ్గరకెళ్లింది.

"పెద్దయ్యా, మావాడు దాటేదాకా ఆ బ్యాండు కాస్త ఆపిస్తావా? రెండు నిమిషాలు చాలు."

"బ్యాండు ఆపితే అది పండగెలా అవుతుందమ్మాయ్, సంతాపసభ అవుతుంది."

"అవును, సంతాపసభే," అంది పక్కనున్న మేక. అది కమిటీ కార్యదర్శి. అధ్యక్షుడి మాటల్లో చివరిది నమిలి మళ్లీ అనడమే దాని ఉద్యోగం.

"పోనీ మువ్వలన్నా లేకుండా..."

"నలుగురూ ఏమనుకుంటారు? అయినా నీ కొడుకంటే నాకెంత జాలో నీకేం తెలుసు. పోయినేడు వాణ్ణి పాకలో పెట్టి గొళ్లెం వేయించింది ఎవరు? నేనే కదా. ఈసారి వాడికి సన్మానం పెడుతున్నా. అరుగెక్కించి, దండేసి, వాడి మీద గంటసేపు మాట్లాడతా."

"వాడు పారిపోతాడయ్యా."

"పట్టుకోడానికి ఇద్దరు దున్నపోతుల్ని పెట్టిస్తాలే."

ఇంత దయ ఒక్కసారే మీద పడితే ఎవరు తట్టుకుంటారు? దెబ్బలాడితే పని జరగదని పుల్లావుకి తెలుసు. మొహం మామూలుగా పెట్టుకుని అంది:

"నీ మంచితనం ఎవరికొస్తుంది పెద్దయ్యా. నా బాధల్లా నీ గురించే. పోయినేడు పండగ రోజు నువ్వు కూశావా?"

"గొంతు చించుకుని కూశాను."

"ఒక్కరికీ వినపడలా. ఆ మోతలో నువ్వు కూశావో ఆవులించావో ఎవరికి తెలుసు. పై దొడ్డి వాళ్లొచ్చి మీ అధ్యక్షుడెవరని అడిగితే, మనవాళ్లు డప్పు గాడిదని చూపించారు."

పుంజు తురాయి ఒక పక్కకి వాలిపోయింది. మేక నమలడం ఆపేసింది.

"అయితే ఏం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసు, పాలిచ్చుకునేదాన్ని. బ్యాండు ఏ పెళ్లికొడుకైనా కొట్టించుకుంటాడు. పెద్దవాడు వస్తుంటే అందరి నోళ్లూ మూతపడితేనే కదా దొరతనం."

సాయంత్రానికల్లా పుంజు దండోరా వేయించేశాడు. "ఈ ఏడు అధ్యక్షులవారికి మౌన వందనం. వారు తోరణం గుంజ మీద నిలబడతారు. మంద మొత్తం చప్పుడు లేకుండా కింద నుంచి నడవాలి. మువ్వలు తీసెయ్యాలి. బ్యాండు ఆ తర్వాతే. నోరెత్తినవాళ్లకి ఆ రోజు పండగ లేదు, దొడ్డి బయటే."

పుల్లావు సంబరపడుతూ కూర్చోలేదు. రోజూ సాయంత్రం కొడుకునీ, తన తండ్రి కర్రెద్దునీ వాకిట్లోకి తీసుకెళ్లింది. ముందు తాత, వెనక నువ్వు, నీ వెనక నేను, దాటగానే చేను చివర చింతచెట్టు కిందకి, బ్యాండు మొదలయ్యేసరికి మనం అక్కడుంటాం అని చెప్పి నడిపించింది. "ఎక్కడన్నా ఆగాలా తాతా?" అని చుక్కోడు నలభైసార్లు అడిగాడు. "ఆగాలనిపిస్తే ఆగు," అని కర్రెద్దు నలభైసార్లూ చెప్పింది. విసుక్కోలేదు, అది గొప్ప విషయం. మనలో ఎంతమంది మూడోసారికే అరవకుండా ఉంటాం?

పండగ వచ్చింది. పుంజు ఈకలు దువ్వుకుని గుంజెక్కి ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. మంద చప్పుడు లేకుండా నడిచింది. తాత తోక చివర ముక్కు ఆనించి చుక్కోడు వచ్చాడు. సరిగ్గా తోరణం కిందకొచ్చి ఆగిపోయాడు. పైన ఒక మామిడాకు గాలికి గిర్రున తిరుగుతోంది. వాడు దాన్నే చూస్తున్నాడు.

వెనక మందంతా ఆగింది. ఒక్కరూ తోసుకోలేదు. అందరూ వాణ్ణే చూస్తున్నారు.

ఎంతసేపని ఓర్చుకుంటాడు పుంజు? గుంజ మీద తానుంటే చూపులన్నీ కిందున్న దూడ మీదా?

"ఎవడ్రా వాడు దారికడ్డంగా? ఇటు చూడండి, నేనిక్కడ!" అని గొంతు చించుకున్నాడు.

చుక్కోడు కాళ్లు మడిచి కూలబడ్డాడు. కర్రెద్దు మాత్రం కంగారుపడలేదు. ఒకడుగు వెనక్కేసి, తోక మనవడి ముక్కుకి అందేలా పెట్టి అలాగే నిలబడింది. కాసేపటికి వాడు లేచాడు. ముక్కు ఆనించాడు. తోరణం దాటాడు.

"అధ్యక్షా, తమరు నోరెత్తారు," అంది మేక వినయంగా.

"నువ్వు మాత్రం ఎత్తలేదా?" అన్నాడు పుంజు.

ఇద్దర్నీ దున్నపోతులు దొడ్డి బయటకి సాగనంపాయి.

"దాటానా తాతా?" అని తాత చెవిలో అడిగాడు చుక్కోడు.

"దాటావు నాన్నా."

"మళ్లీ దాటనా?"

ఏడుసార్లు దాటాడు. మందంతా నిలబడి చూసింది, గాడిదలు డప్పులు ఒళ్లో పెట్టుకుని చూశాయి. పుల్లావు కళ్లలో నీళ్లాగలేదు, దాచుకోవాలని కూడా అనుకోలేదు. బ్యాండు మొదలయ్యేసరికి వాడు చింతచెట్టు కింద అమ్మ పక్కన పడుకుని తాను ఎన్నిసార్లు దాటాడో చెబుతున్నాడు. కంచె అవతల పుంజు దారిన పోయే కాకుల్ని ఆపి, ఈ ఏర్పాటంతా తన ఆలోచనేనని చెబుతున్నాడు.

ఇందులో నేర్చుకునేది ఇంతే: పండగని పిల్లాడి కొలతకి కుట్టించాలి, అది చేతకాని పెద్దలు కనీసం నోరు మూసుకోవాలి.