పసుపు అంటిన చింతగింజలు

రాజులు తమ బిరుదులు తామే చదివించుకుని తామే తలూపే రోజుల్లో, ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు ఏనుగుల మీద గర్వం లేదు, కోట మీద గర్వం లేదు. ఉన్న గర్వమంతా మూడు కుండల మీదే.

ఆ కుండల సంగతి ముందు చెప్పాలి. రాజధాని పక్కన ఏటిమొగ అనే ఊరుంది. ఏటి నుంచి ఒక కాలువ ఆ ఊరి పొలాలకు నీరు తెస్తుంది. తూము ఎవరి చేతిలో ఉంటే వాడు కాలువ పెద్ద. ఆ పెద్దను రాజు నియమించడు. ప్రతి ఇంటివాళ్ళూ ఒక చింతగింజ తెచ్చి, తమకు నచ్చినవాడి కుండలో వేస్తారు. కుండలకు లోపలా బయటా ఒకదానికి జాజు, ఒకదానికి సున్నం, ఒకదానికి పసుపు పూస్తారు. ఎవరి కుండలో గింజలు ఎక్కువైతే వాడే పెద్ద. మిగిలిన రెండు కుండల గింజలనూ డప్పు కొట్టి మరీ ఏట్లో పారబోస్తారు.

"ఇటువంటి న్యాయం ఇంకే దేశంలోనైనా ఉందా?" అని రాజు వచ్చిన ప్రతి అతిథినీ అడిగేవాడు. అతిథికి ఇంకా భోజనం పెట్టలేదు కనుక, ఎక్కడా లేదనే చెప్పేవాడు.

ఆ ఏడు ఎర్ర కుండ జగ్గరాజుది. ఆయన పొలాలు కాలువ తల దగ్గర ఉన్నాయి. తెల్ల కుండ బొల్లయ్యది, పసుపు కుండ పాపన్నది. వీళ్ళిద్దరూ కాలువ తోక దగ్గరివాళ్ళు. తోక పొలాలకే తొలి నీరు అని ఇద్దరూ మాట ఇచ్చారు. ఊళ్ళో పదిళ్ళకు ఆరిళ్ళు తోకవైపే. కానీ ఆ ఆరూ ఇద్దరి మధ్యా చీలిపోయాయి. నాలుగిళ్ళ అండతో జగ్గరాజు పెద్ద అయ్యాడు. నీళ్ళన్నీ తన పొలాలకే మళ్ళించుకున్నాడు.

తోకవైపు రైతు సూరక్క అనే ఆవిడ, వాడిపోతున్న నారు పిడికెడు పట్టుకుని కొలువుకు వచ్చింది.

"మహారాజా, నారు ముదిరిపోతోంది. త్వరగా నీరు రాకపోతే నాటడానికి ఏమీ మిగలదు. ఆ పెద్ద మాకు వద్దు."

"వాణ్ణి ఎన్నుకున్నది మీరేగా?"

"మేము కాదండీ. మా వైపు ఒక్క ఇల్లు కూడా ఆయనకు వెయ్యలేదు."

రాజు మీసం దువ్వాడు. "పెద్ద కుప్ప ఎవరిదో అదే ప్రజల మాట. నీ గింజ ఓడిందమ్మా. ఓడిన గింజకు నోరుండదు."

ఆ కొలువులో మాచన అనే చమత్కారి ఉండేవాడు. సూరక్క కింద రాలిన నారును ఒక్కొక్క పోచే ఏరుకుని కొంగులో వేసుకోవడం చూశాడు. ఏరిన నారు ఎందుకూ పనికిరాదని ఇద్దరికీ తెలుసు.

మాచన లేచి చేతులు జోడించాడు. "ప్రభూ, ఇంత గొప్ప పద్ధతి ఒక్క ఊరికేనా? ఎల్లుండి మీ పుట్టినరోజు. విందులో వంటకం కూడా గింజలతోనే ఎన్నుకుంటే?"

"భేష్! వంటశాలలో కుండలు పెట్టించు. ఏది గెలిస్తే అదే నా పళ్ళెంలో ఉండాలి. ఇంకొకటి కనపడకూడదు."

అంతఃపురం వాళ్ళు గింజలు వేశారు. బూరెలకు ఇద్దరు, పాయసానికి ఇద్దరు, అరిసెలకు ఇద్దరు, పులిహోరకు ఇద్దరు. రాజవైద్యుడూ ఆయన శిష్యులిద్దరూ మాత్రం రాజుగారి పొట్టను తలుచుకుని ఒకే కుండలో వేశారు.

విందు రోజున రాజు కిరీటం సర్దుకుని కూర్చున్నాడు. బంగారు పళ్ళెం మీది మూత తీశారు. గిన్నె నిండా కాకరకాయ కషాయం. పక్కన ఇంకేమీ లేదు.

"ఎవడు కోరాడు దీన్ని?"

"ప్రజలే ప్రభూ. పెద్ద కుప్ప దానిదే."

"అబద్ధం! ఇక్కడున్న వాళ్ళలో ముప్పాతిక మందికి కషాయం పేరు చెబితేనే ముఖం చిట్లుతుంది. వాళ్ళ గింజలన్నీ ఏమయ్యాయి?"

"ఏట్లో పారబోశాం ప్రభూ. ఓడిన గింజకు నోరుండదు కదా!"

రాజు కషాయాన్ని చూశాడు, మాచనను చూశాడు. ఒక్క గుక్క తాగి, ముఖం వంకర చేసి, ఆ వంకర ముఖంతోనే పకపకా నవ్వాడు. తన చేతి కంకణం తీసి మాచన చేతికి తొడిగాడు.

"మరి ఏం చేద్దామంటావు?"

కంకణం మెరుస్తుంటే మాచనకు హుషారు వచ్చింది. "సగం దాటని కుండకు పెద్దరికం ఇవ్వకండి ప్రభూ. ఒక్కరూ దాటకపోతే, ఇద్దరు తమ కుండలు కలుపుకుని దాటవచ్చు. ఎవరు ఎవరితో కలవాలో వాళ్ళే చూసుకుంటారు."

ఆ చివరి మాట మాచన ఆలోచించి అన్నది కాదు. ఊపులో వచ్చేసింది.

రాజు ఆ మాటనే ఆజ్ఞగా చేశాడు. ఏటిమొగలో మళ్ళీ ఎన్నిక జరిగింది. ఎవరి గింజలు వాళ్ళకు మునుపటిలాగే పడ్డాయి. ఎవరూ సగం దాటలేదు. తెల్ల కుండా పసుపు కుండా కలుస్తాయనీ, సాయంత్రానికి నీరు వస్తుందనీ తోకవైపు వాళ్ళు మడులకు గట్లు కూడా సరిచేసుకున్నారు.

పాపన్న పసుపు కుండ ఎత్తుకుని వచ్చాడు. అందరూ చూస్తుండగా దాన్ని ఎర్ర కుండలో ఒంపాడు.

"పాపన్నా, ఇదేం పని?" అని జనం అరిచారు.

"మీ మేలు కోసమే! పెద్ద పక్కన ఉంటేనే కదా మీ మాట ఆయన చెవిన వేసేది. జగ్గరాజుగారు తన పక్కన పీట వేయిస్తానన్నారు, గొడుగు పట్టిస్తానన్నారు. బొల్లయ్య ఏం ఇస్తానన్నాడో తెలుసా? చాప!"

"తోక పొలాలకు తొలి నీరు అన్నావే?"

"అన్నాను. ఇప్పుడు కూడా అంటున్నాను. అనడానికి ఆయన ఒప్పుకున్నాడు."

నీరు మాత్రం రాలేదు. సూరక్క ఈసారి కొలువుకు పోలేదు. నేరుగా మాచన ఇంటికి వచ్చింది. చేతిలో నారు కూడా లేదు.

"మీరు రాజుగారిని భలే నవ్వించారట కదా బాబూ!"

మాచన కంకణం కనపడకుండా చెయ్యి పంచె మడతలో పెట్టుకున్నాడు.

"కిందటిసారి నా గింజ ఏట్లో పోయింది. ఈసారి జగ్గరాజు కుండలోకి పోయింది. ఏట్లో పోయినప్పుడే నయం. నా మీదికి తిరిగి రాలేదు."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే మాచన ఆ పూట అన్నం తినగలిగేవాడు.

మర్నాడు మాచన కొలువుకు వెళ్ళాడు. రాజు పీఠం మీద కొంచెం వెనక్కి జరిగాడు. "ఏమిటి మాచనా, మళ్ళీ విందా?"

"విందు కాదు ప్రభూ, బేరం. ఈ కంకణం మీరే తీసుకుని, పసుపు కుండలో పడ్డ చింతగింజలు నాకిప్పించండి."

"బంగారం ఇచ్చి చింతగింజలా!" రాజు తలపాగా జారేటట్టు నవ్వాడు. "ఇచ్చాను పో! అవి నీవి. ఏమైనా చేసుకో. రాజు మాట!"

తెల్ల కుండ గింజలను ఇంకా ఏట్లో పారబోయలేదు. పసుపు కుండ గింజలన్నీ ఎర్ర కుండలోనే కలిసిపోయి ఉన్నాయి. కానీ పసుపు కుండలో పడ్డ గింజకు పసుపు అంటుకుంటుంది. ఎన్ని గింజల్లో కలిపినా ఆ రంగు పోలేదు. మాచన వాటిని ఏరి మూటగట్టుకుని, ఊరి మధ్య డప్పు కొట్టించాడు. పసుపు కుండలో వేసినవాళ్ళు వచ్చి ఎవరి గింజ వాళ్ళు తీసుకుని, మిగిలిన రెండు కుండల్లో ఇష్టమైనదానిలో వేసుకోమన్నాడు.

పాపన్న గొడుగు కిందనుంచి పరుగెత్తుకొచ్చాడు. "అవి నా గింజలు!"

"దాచమని నీకిచ్చారు నాయనా, దానం చెయ్యమని కాదు."

కొందరు ఎర్ర కుండలోనే వేశారు. వాళ్ళ ఇష్టం వాళ్ళది. ఎక్కువమంది తెల్ల కుండలో వేశారు. సూరక్క తన గింజను కొంగుతో తుడిచి, కుండలో వేసి, అది అడుగున పడ్డ చప్పుడు వినేదాకా నిలబడింది.

తెల్ల కుండ సగం దాటింది. బొల్లయ్య పెద్ద అయ్యి తూము ఎత్తించాడు. నీరు తోకదాకా గలగలా వచ్చింది. వచ్చి, నెర్రెలిచ్చిన మడుల్లోకి ఇంకిపోయింది. నాటడానికి ఎవరి దగ్గరా నారు లేదు. ఆ తడి మీద ఉలవలు చల్లుకున్నారు.

ఉలవలు నూర్చిన రోజుల్లో రాజుకు జరిగినదంతా తెలిసి, మాచనను భోజనానికి పిలిచాడు. మాచన వస్తూ వస్తూ సూరక్క కాచిన ఉలవచారు ముంత తెచ్చాడు.

"చింతగింజలతో నా ఆజ్ఞనే తిరగరాశావు! రెండోసారి ఓడించావు!" అని నవ్వుతూ రాజు అన్నంలో చారు పోసుకున్నాడు. రెండోసారీ పోసుకున్నాడు. వేళ్ళు నాకాడు. "ఆహా! ఏటిమొగలో ఇంత రుచి పండుతుందా? ఇన్నేళ్ళూ నాకెందుకు పంపలేదు?"

"నీళ్ళు ఆలస్యంగా వచ్చిన ఏడే ఇది పండుతుంది ప్రభూ."

రాజు నవ్వు సగంలో ఆగింది. ముంత వైపు చూశాడు. ఆ పాత కంకణమే తీసి మాచన ముందు పెట్టాడు.

"ఇది నీదే. ఇంకా ఏం కావాలో కోరుకో."

మాచన కంకణం ముట్టుకోలేదు.

"వచ్చే ఏడు మీరు ఉలవచారు అడిగితే, ఏటిమొగలో దొరకదనే జవాబు రావాలి ప్రభూ. అంతకంటే ఏమీ వద్దు."